ఫుకెట్‌లో స్కూటీ ఎక్కే ముందు పాలసీలో చదవాల్సిన పేజీ

ప్రశ్న: మాది రాయగడ. పేపరు మిల్లులో పని చేస్తాను, వయసు 54. నేను, మా ఆవిడ, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన అబ్బాయి, డిగ్రీ చదువుతున్న అమ్మాయి కలిసి సంక్రాంతి అయ్యాక థాయిలాండ్ వెళ్తున్నాం. ఫుకెట్, క్రాబి, మొత్తం ఆరు రాత్రులు. విమానం టికెట్లు కొన్నప్పుడు అక్కడే ఒక టిక్కు పెడితే ఇన్సూరెన్స్ కూడా వచ్చేసింది. 'ప్రమాద బీమా 25,000 డాలర్లు' అని ఉంది, కాగితం జత చేశాను. ఇది చాలదా? మిల్లు ఇచ్చిన గ్రూపు హెల్త్ పాలసీ ఎలాగూ ఉంది. అబ్బాయి అక్కడ స్కూటీ అద్దెకు తీసుకుంటానంటున్నాడు, కొరాపుట్ ఘాట్‌లో నడిపినవాణ్ని నాకేం అంటాడు. మా ఆవిడకు షుగరు, బీపీ ఉన్నాయి. ఇంకో మాట, మా బావమరిది వెల్డరు, మస్కట్ వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాడు. అతనికీ ఇలాంటి పాలసీయే తీసుకోమంటారా?

జవాబు: ముందుగా ఆ 25,000 డాలర్ల సంగతి. డాలరుకు 85 రూపాయల లెక్క వేసుకున్నా 21 లక్షలు దాటుతుంది కాబట్టి మీకు ధైర్యం వచ్చి ఉంటుంది. కానీ ఆ డబ్బు ఎప్పుడిస్తారో చూడండి. మనిషి పోతే ఇస్తారు. లేదా చెయ్యో, కాలో, కన్నో శాశ్వతంగా పోతే ఇస్తారు. పడవ దిగుతూ జారి మణికట్టు విరిగితే అందులోంచి ఒక్క రూపాయి రాదు.

ట్రావెల్ పాలసీల్లో ప్రమాదం అనే మాట రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి పర్సనల్ యాక్సిడెంట్, అంటే ఇప్పుడు చెప్పినది. రెండోది అత్యవసర వైద్య ఖర్చులు. జబ్బు చేసినా దెబ్బ తగిలినా ఆసుపత్రి బిల్లు కట్టేది ఈ రెండోదే. అమ్మేవాళ్ళు మొదటి అంకెను పెద్దక్షరాల్లో వేస్తారు, ఎందుకంటే అది పెంచడానికి వాళ్ళకు పెద్దగా ఖర్చు కాదు. మీ కాగితంలోనే నాలుగో వరుసకు రండి: వైద్య ఖర్చులు 10,000 డాలర్లు, అందులోనూ మొదటి 100 డాలర్లు మీరే పెట్టుకోవాలి. అంటే ఎనిమిదిన్నర లక్షలు. ఎముక విరిగి కట్టు కట్టించుకోవడానికైతే చాలు. తలకు దెబ్బ తగిలి, ఒక ఆపరేషను, కొన్నాళ్ళు ఐసీయూ, ఆపైన నర్సు తోడుగా విమానంలో స్ట్రెచరు మీద విశాఖకు తీసుకురావడం అంటే అది ఏ మూలకూ రాదు. విదేశీయులు చేరేవి ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రులే. డబ్బు ఎవరు కడతారో తేలాకే అసలు వైద్యం ముందుకు కదులుతుంది.

మిల్లు వాళ్ళ గ్రూపు పాలసీ మీద ఆశ పెట్టుకోకండి. ఇలాంటివి దాదాపు అన్నీ మన దేశంలో చేరిన ఆసుపత్రికే వర్తిస్తాయి. ఆయుష్మాన్ కార్డైనా, ఒడిశా ప్రభుత్వం గోపబంధు పేరుతో ఇచ్చే కార్డైనా అంతే, సరిహద్దు దాటితే పని చెయ్యవు. అయినా ఆ పాలసీ పనికిరాదని కాదు, దానికి వేరే పని ఉంది. విదేశంలో ఎముక విరిగితే అక్కడి డాక్టరు కట్టు కట్టి, ప్రయాణం చెయ్యొచ్చు అని రాసిస్తే, చాలా కంపెనీలు 'ఇక ఇంటికి వెళ్ళి మిగతాది చూపించుకోండి' అంటాయి. ట్రావెల్ పాలసీ బాధ్యత అక్కడితో దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత ప్లేటు వెయ్యడానికి విశాఖలోనో బరంపురంలోనో చేరితే ఆ ఖర్చు మిల్లు పాలసీ మీద పడుతుంది. అందుకే అక్కడి ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం పారెయ్యకుండా తెచ్చుకోవాలి. రెండు పాలసీలూ ఒకే కథను చెప్పాలి కదా.

ఇక స్కూటీ. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే. థాయిలాండ్ రోడ్ల మీద చనిపోయేవాళ్ళలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే అధికం. మీవాడు నడపలేడని నేననడం లేదు. కొరాపుట్ ఘాట్‌లో వానాకాలం బండి నడిపినవాడికి మలుపులు కొత్త కాదు, పైగా థాయిలాండ్‌లోనూ మనలాగే ఎడమ పక్కనే వెళ్తారు. నా బాధంతా కాగితాల గురించి.

పాలసీ మినహాయింపుల పేజీ తీస్తే మోటారు వాహనాల దగ్గర ఒక వాక్యం ఉంటుంది. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా వాహనం నడుపుతుండగా జరిగిన గాయానికి డబ్బు ఇవ్వం, అని దాని సారాంశం. చెల్లుబాటు అంటే ఆ దేశంలో చెల్లుబాటు. అక్కడ అద్దెకు దొరికే స్కూటర్లు ఎక్కువగా 110, 125 సీసీవి. వాటికి మోటారు సైకిల్ నడిపే అర్హత ఉన్న లైసెన్సు కావాలి, దానితో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. మీ అబ్బాయి కార్డు వెనక్కి తిప్పి చూడండి. ఎల్‌ఎంవీ అని మాత్రమే ఉంటే అది కారు లైసెన్సు. దానితో స్కూటీ నడిపితే రాయగడలో చలానా పడుతుంది. ఫుకెట్‌లోనైతే క్లెయిము పోతుంది. ఎంసీడబ్ల్యూజీ అనో, గేర్లు లేని బండికి ఎంసీడబ్ల్యూఓజీ అనో ఉండాలి. ఆ అర్హత ఇక్కడి లైసెన్సులో ఉంటేనే పర్మిట్‌లోనూ మోటారు సైకిల్ గడిలో ముద్ర పడుతుంది. పర్మిట్ ఒక్కటే పట్టుకెళ్తే చాలదు, అసలు లైసెన్సు కూడా జేబులో ఉండాలి.

బండి అద్దెకిచ్చేవాడు ఇవేవీ అడగడు. అతను అడిగేది పాస్‌పోర్టు, తాకట్టుగా. ఇవ్వకండి. బండి మీద గీత పడిందని వేలకు వేల థాయి బాట్లు అడిగినప్పుడు మీ పాస్‌పోర్టు అతని సొరుగులో ఉంటే బేరమాడే దారి ఉండదు. అన్నట్టు, అద్దె బండికి జరిగిన నష్టం ట్రావెల్ పాలసీలో సాధారణంగా రాదు. అబ్బాయి ఎవరినైనా గుద్దితే వాళ్ళకు కట్టాల్సిన డబ్బూ రాదు. పాలసీలో పర్సనల్ లయబిలిటీ అని ఘనంగా రాసి ఉంటుంది గానీ, మోటారు వాహనం నడుపుతూ చేసిన నష్టాన్ని అందులోంచి తీసేస్తారు. అక్కడ ప్రతి బండికీ తప్పనిసరి బీమా ఒకటి ఉంటుంది, స్థానికులు పోరోబో అంటారు. తప్పెవరిదని చూడకుండా గాయపడినవాళ్ళ వైద్యానికి మొదట 30,000 బాట్ల దాకా, తప్పు తమది కాదని తేలితే 80,000 బాట్ల దాకా ఇస్తుంది. బాటు మన రెండున్నర రూపాయల పైమాట కాబట్టి పెద్ద మొత్తం కాదు. అద్దెకిచ్చే బండికి అది కట్టి ఉందో లేదో మాత్రం అడిగి చూసుకోండి.

హెల్మెట్ నడిపేవాడికీ, వెనక కూర్చున్నవాళ్ళకీ ఇద్దరికీ ఉండాలి. బీరు ఒక్కటి తాగినా బండి జోలికి వెళ్ళకూడదు. ఆసుపత్రి కాగితంలో మద్యం వాసన అని ఒక్క మాట రాస్తే చాలు, కంపెనీకి ఇంకేమీ వెతికే అవసరం ఉండదు. మీరు తండ్రిగా వద్దంటే వినడం లేదు కదా, అతనికి ఈ పేరా చదివి వినిపించండి. నన్నడిగితే గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోమంటాను, రోజంతా తిరగాలంటే డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకోమంటాను. నలుగురి మీద పంచుకుంటే పెద్ద తేడా రాదు.

సముద్రం దగ్గర ఆటల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఒడ్డున ఈతకు ఇబ్బంది ఉండదు. పారాసెయిలింగ్, జెట్‌స్కీ, స్కూబా డైవింగ్ లాంటివి చాలా పాలసీల్లో సాహస క్రీడల కింద తీసేసి ఉంటాయి. కొంచెం ఎక్కువ కడితే కలుపుతారు. మీ అమ్మాయి ఆ ఫొటోలు చూసి మనసు పడి ఉంటే ముందే కలిపించండి.

మీ ఆవిడగారి షుగరు, బీపీ దాచకండి. ఆన్‌లైన్ ఫారంలో 'ఏమీ లేవు' అని టిక్కు పెట్టేస్తే కొనడం సులువు, క్లెయిము దగ్గరే చిక్కు. పాత జబ్బులకు చాలా పాలసీలు ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి దాకా ఇస్తాయి. పడి దెబ్బ తగిలితే అది జబ్బు కాదు కదా అని మీరనవచ్చు. షుగరు తగ్గి కళ్ళు తిరిగి మెట్ల మీద పడ్డారనుకోండి, అప్పుడు పడటానికి కారణం ఏమిటని అడుగుతారు. ముందే చెప్పి ఉంటే వాదించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. మాత్రలు మందులషాపు చీటీతో కాక డాక్టరు రాసిన చీటీతో, చేతి సంచీలో పెట్టుకోమనండి.

నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబానికి జరిగింది చెప్తాను. క్రాబిలో పొడవాటి పడవ దిగుతూ ఆ ఇంటావిడ చెయ్యి విరిగింది. పాలసీ మంచిదే. కంగారులో ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, దగ్గర్లో కనిపించిన ఆసుపత్రికి వెళ్ళి కార్డుతో బిల్లు కట్టేసి, మొత్తం ఒకే అంకె ఉన్న రసీదు పట్టుకుని వచ్చేశారు. కంపెనీ వివరంగా బిల్లు కావాలంది. ఎక్స్‌రే ఎంత, డాక్టరుకెంత, మందులకెంత అని విడగొట్టి చూపించేది. దాని కోసం ఇక్కడి నుంచి ఈమెయిళ్ళు రాసి రాసి, డబ్బు చేతికి వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. పాలసీ కాగితం మీద 24 గంటలూ పలికే సహాయ నంబరు ఒకటి ఉంటుంది. అంబులెన్సు పిలిచాక రెండో ఫోన్ దానికే వెళ్ళాలి. ఏ ఆసుపత్రికి వెళ్తే క్యాష్‌లెస్ అవుతుందో వాళ్ళే చెప్తారు, స్ట్రెచరు మీద తిరిగి రావాలన్నా వాళ్ళు ఏర్పాటు చేస్తేనే పాలసీ కడుతుంది. మీ అంతట మీరు టికెట్లు కొనుక్కుని తర్వాత పంపితే చాలాసార్లు తిరగ్గొడతారు. ఆ నంబరు నలుగురి ఫోన్లలోనూ ఉండాలి, మీ ఒక్కరి ఫోన్‌లో కాదు. ఫోన్ పగిలేది కూడా ఆ ప్రమాదంలోనే కదా.

రోడ్డు ప్రమాదమైతే పోలీసు రిపోర్టు తీసుకోండి. అది థాయి భాషలో ఉంటుంది, ఫర్వాలేదు. ఆసుపత్రి రిపోర్టు మాత్రం ఇంగ్లీషులో అడగండి, ఇస్తారు. కాలికి కొత్తగా కట్టు వేశాక వెంటనే విమానం ఎక్కనివ్వరు. పైకి వెళ్ళాక వాపు పెరుగుతుందని కట్టును చీల్చమంటారు, కాలు చాపుకోవడానికి అదనపు సీట్లు కావాలంటారు. టికెట్టు మార్చుకునే ఖర్చు, తోడుగా ఆగిపోయినవాళ్ళ హోటలు ఖర్చు పాలసీలో ఉన్నాయా అని కొనేటప్పుడే చూడండి. సామాను పోతే ఇచ్చే డబ్బు కంటే నేను దీనికే విలువ ఇస్తాను.

ఇంతకీ ఏం కొనాలి? టికెట్టుతో వచ్చినదాన్ని అలాగే ఉండనివ్వండి. దానిపైన వైద్య ఖర్చులు 50,000 డాలర్లకు తగ్గకుండా, వీలైతే లక్ష డాలర్లకు, కుటుంబం మొత్తానికి ఒక పాలసీ వేరుగా తీసుకోండి. ఇంత చిన్న ప్రయాణానికి 50 వేలకూ లక్షకూ ప్రీమియంలో తేడా మీరు విమానాశ్రయంలో తాగే కాఫీలంత ఉంటుంది. ఇల్లు కదలకముందే కొనాలి. అక్కడికి చేరాక కొందామంటే మన కంపెనీలు సాధారణంగా ఇవ్వవు. రెండు పాలసీలు ఉంటే ఆసుపత్రి బిల్లు రెండుసార్లు రాదు, ఒకదానిలో చాలనిది రెండోదానిలో అడగవచ్చు. పర్సనల్ యాక్సిడెంట్ డబ్బు మాత్రం రెంటిలోనూ వస్తుంది.

మీ అబ్బాయికి ఇంకొకటి కావాలి. ఆరు రాత్రుల పాలసీ ఎనిమిదో రోజుకు ఉండదు, అతను బండి మాత్రం ఏడాదంతా నడుపుతాడు. ఇక్కడే దొరికే సాధారణ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి జీతానికి తగ్గట్టు తీసుకోమనండి. అలాంటివి చాలావరకు ప్రపంచంలో ఎక్కడ ప్రమాదం జరిగినా వర్తిస్తాయి, డబ్బు రూపాయల్లో ఇస్తారు. మంచం మీద ఉన్న వారాలకు కొంత ఇచ్చే సౌకర్యం కూడా కలుపుకోవచ్చు. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా మీ ఇంట్లో 18 దాటిన అందరికీ ఉండాల్సిందే. కానీ అందులో వచ్చేది 2 లక్షలు, అది జీతానికి ప్రత్యామ్నాయం కాదు.

మీ బావమరిదికి పర్యాటకుల పాలసీ వద్దు. పని మీద వెళ్ళి, ముఖ్యంగా చేతులతో చేసే పనిలో దెబ్బ తగిలితే అది చెల్లదు. ఇచ్ఛాపురం, బరంపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళు ఇది తెలియక విజిట్ వీసా మీద వెళ్ళి, చేతిలో ఉన్న పాలసీ చూసుకుని నిబ్బరంగా ఉంటారు. అతని పాస్‌పోర్టు ఈసీఆర్ రకమైతే, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకమైతే, మస్కట్ ఉన్న ఒమాన్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, దానికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ఏజెంటు 'ఆ కాగితాలన్నీ ఎందుకు, విజిట్ మీద పంపేస్తా' అంటే ఆ ఏజెంటును వదిలెయ్యమనండి.

క్లెయిము అన్యాయంగా తిరగ్గొడితే ముందు కంపెనీకే రాసి ఫిర్యాదు చెయ్యాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు.

ఇప్పటికిప్పుడు చెయ్యాల్సింది అబ్బాయి లైసెన్సు చూడటం. మోటారు సైకిల్ అర్హత ఉంటే డిసెంబరు మొదటి వారంలోనే ఆర్టీవోలో పర్మిట్‌కు దరఖాస్తు పెట్టించండి. ఫారం 4ఏ, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. లేకపోతే నాలుగు గ్రాబ్ కార్లకు సరిపడా బాట్లు ఎక్కువ మార్చుకోండి.