డాక్టర్ సలహా: సారవ ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి.. నా పెయింట్ వాసన అమ్మకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 42. తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపం గోడ మీద పద్మావతీ పరిణయం బొమ్మ వేసే పని ఒప్పుకున్నాను. 30 అడుగుల గోడ. అడ్వాన్స్ తీసుకున్నాక అమ్మకు (63) రొమ్ము క్యాన్సర్ అని తేలింది. 21 రోజులకోసారి కీమో, ఇప్పటికి మూడు అయ్యాయి. రాత్రంతా ఆమె దగ్గర, పగలు సారవ మీద. పది రోజులుగా పైకి ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. కుడి చెయ్యి పైకి లేవడం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర పూటకొకటి వేసుకుంటున్నాను. నా బట్టల వాసనకే అమ్మకు వాంతి వస్తోంది. ఈ వాసన జబ్బును పెంచుతుందా? పని వదిలేయమంటారా? గోడ చూడాలని అమ్మ అడుగుతోంది, తీసుకెళ్లొచ్చా?
- ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు అమ్మ గురించి అడిగారు గానీ నేను మీ నుంచే మొదలుపెడతాను. కళ్లు తిరిగే మనిషి సారవ మీద ఉండకూడదు. కారణం తేలేదాకా పైకి ఎక్కకండి. కింది అంచు, రంగులు కలపడం, స్కెచ్ దిద్దడం లాంటి నేల మీద పనులు చేసుకోండి. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాడి తూకం, చూపు కాస్త మందు తాగినవాడిలాగే ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే రోజూ ఆ స్థితిలోనే పని మొదలుపెడుతున్నారు.

నన్ను ఇంకా ఎక్కువ కంగారు పెట్టింది ఆ నొప్పి మాత్ర. ఈ ఎండల్లో చెమట కారుస్తూ, టీ మీదే బండి నడుపుతూ పూటకొకటి వేసుకుంటే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పుండు నుంచి రక్తం కొద్దికొద్దిగా పోతున్నా కళ్లు తిరుగుతాయి. విరేచనం తారులా నల్లగా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. లేకపోయినా మాత్ర ఆపేసి బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. షుగర్ ఎందుకంటే, అది ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ.

అయితే మీ భుజానికి అసలు కారణం సారవ ఎత్తు చాలకపోవడమే అనుకుంటున్నాను. చెయ్యి తల పైకెత్తి గంటలకొద్దీ గీస్తే భుజం ఎముకల మధ్య నరం లాంటి కండర బంధం నలుగుతుంది. పలక మరో అడుగున్నర పైకి కట్టించండి. కుంచె మీ గుండె ఎత్తులో కదలాలి. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డను ముందు పరుచుకుని కూర్చునే గీస్తారు. నలుపు కోసం తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి చేసిన కసిమి అనే రంగు వాడతారు. వాళ్లకు నడుము నొప్పి రావచ్చేమో గానీ భుజం బాధ, థిన్నర్ బాధ తక్కువ. రెండు వారాల్లో చెయ్యి లేవకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

ఇక అమ్మ సంగతి. మీ బట్టల వాసన ఆమె క్యాన్సర్‌ను పెంచదు. కీమోలో ఉన్నవాళ్లకు తాలింపు వాసన కూడా పడదు, ఇది కూడా అలాంటిదే. మండపంలోనే బట్టలు మార్చుకుని, ఇంటికి రాగానే స్నానం చేసి ఆమె గదిలోకి వెళ్లండి. చేతుల రంగు థిన్నర్‌తో కడగొద్దు, కొబ్బరి నూనె రాసి సబ్బుతో కడుక్కోండి. థిన్నర్‌తో కలిపే ఎనామిల్ బదులు నీటితో కలిపే యాక్రిలిక్ వాడితే సగం గొడవ పోతుంది. మామూలు మాస్కు దుమ్మును కొంతవరకు ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు, తలుపులు తీసి పెట్టాల్సిందే.

వాసన కంటే భయపడాల్సింది గోడ గీకినప్పుడు మీ బట్టలకు అంటి ఇంటికొచ్చే దుమ్ముకు. నెమ్ము పట్టిన గోడను గీకితే బూజు లేస్తుంది. తెల్ల రక్తకణాలు తగ్గినవాళ్లకు ఆ బూజు ఊపిరితిత్తుల్లో జబ్బు తేగలదు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పాత పొరల్లో సీసం ఉండొచ్చు. గోడను తడిపి గీకండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. కీమో అయ్యాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య ఆమె తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ వారంలో గీకే పని అసలు పెట్టుకోకండి.

ఒక థర్మామీటర్ ఆమె తలగడ పక్కనే ఉంచండి. 100.4 ఫారన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

పని వదిలేయమని నేను చెప్పను. కీమో రోజు, ఆ మర్నాడు సెలవు పెట్టుకుంటామని మండపం వాళ్లకు ముందే చెప్పండి. వారంలో రెండు రాత్రులైనా చెల్లెలో, బావమరిదో అమ్మ దగ్గర పడుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి, మీరు పడిపోతే చూడాల్సినవాళ్లు వాళ్లే.

గోడ చూడటానికి అమ్మను తీసుకెళ్లండి. కీమో అయ్యాక మూడో వారంలో, తర్వాతి కీమోకు ముందు చేసే రక్తపరీక్షలో కణాలు బాగున్నాయని డాక్టరు చెప్పాక, ఎండ తగ్గాక, ఆ రోజు థిన్నర్ డబ్బా మూత తీయకుండా. ఎదురుగా కొంచెం దూరంలో ఒక కుర్చీ వేయించండి. సారవ కిందికి మాత్రం రానివ్వకండి.