వేరు కుంపటి పెట్టాక వంట ఎవరు చేస్తారు?

పోయిన సంచికలో ఓపెన్ సోర్స్ లైసెన్సుల మీద రెండు ముక్కలు రాశాను, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి సగం ఫోర్కుల గురించే, అంటే ఒక ప్రాజెక్టు కోడ్ కాపీ తీసుకుని విడిగా నడుపుకోవడం గురించే. ఒకేలా ఉన్నవి కలిపేసి ఆరింటికి జవాబు రాస్తున్నా, ఎవరి ప్రశ్న ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది.

ప్రశ్న: సార్, ఒక ప్రాజెక్టులో స్పెల్లింగ్ తప్పు కనపడితే సరిచేద్దామని కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఫోర్క్ బటన్ నొక్కాను. ఇప్పుడు ప్రాజెక్టు మొత్తం నా పేరు మీద కనపడుతోంది. ఫోర్క్ అంటే ప్రాజెక్టు చీలిపోవడం అని చదివాను, నేనేమైనా తప్పు చేశానా?

జవాబు: అబ్బే, మీరు ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదండీ. ఒకే మాటకి రెండు అర్థాలు వచ్చి పడ్డాయి, తిప్పలంతా అక్కడే. గిట్‌హబ్ వచ్చింది 2008లో. అంతకుముందు ఫోర్క్ అంటే చాలా పెద్ద మాట, ఒకచోట పనిచేసేవాళ్లు పొసగక కోడ్ కాపీ తీసుకుని బయటికొచ్చి వేరు కుంపటి పెట్టుకోవడం. గిట్‌హబ్ వాళ్లు ఆ మాటనే బటన్ మీద రాసేసరికి అది రోజూ నొక్కే మామూలు బటన్ అయిపోయింది. మీ పేరు మీద ఉన్నది పని చేసుకోవడానికి ఒక కాపీ, అంతే. అందులో మార్చి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు మీ దాంట్లో కలుపుకోండి అనే అభ్యర్థన) పంపండి, వాళ్లు తీసుకున్నాక ఆ కాపీ డిలీట్ చేసినా అడిగేవాళ్లుండరు. అసలు ఫోర్క్ ఎప్పుడంటారంటే, కొత్త పేరు పెట్టి, సొంతంగా రిలీజులు ఇస్తూ, బగ్గులు మీరే చూసుకుంటూ, ఇకనుంచి అది కాదు ఇది వాడండి అని జనానికి చెప్పడం మొదలుపెట్టినప్పుడు. స్పెల్లింగ్ తప్పుకి అంత సీన్ లేదు.

ప్రశ్న: ఎవరి ప్రాజెక్టునైనా అలా తీసుకుని నడిపేసుకోవచ్చా? పర్మిషన్ అడగక్కర్లేదా?

జవాబు: కోడ్‌కి అక్కర్లేదు, పేరుకి కావాలి. ఓపెన్ సోర్స్ లైసెన్స్ అంటేనే కోడ్ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది పంచుకోవచ్చు అని ముందే రాసిచ్చేయడం, కాబట్టి లైసెన్సులో ఉన్న షరతులు పాటిస్తే చాలు. పేరు, లోగో మాత్రం ట్రేడ్‌మార్క్ కిందకొస్తాయి, అది వేరే చట్టం. లైనక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఒకటైన డెబియన్ వాళ్లకి 2006లో ఇదే ఎదురైంది. ఫైర్‌ఫాక్స్‌లో తమ మార్పులు కలిపి, అసలు లోగో లేకుండా ఇస్తుంటే, అలాగైతే మా పేరు వాడొద్దు అంది మొజిల్లా. దాంతో అదే బ్రౌజర్‌ని ఐస్‌వీజల్ అని పేరు మార్చి పదేళ్లు ఇచ్చారు, 2016లో రాజీ కుదిరి మళ్లీ ఫైర్‌ఫాక్స్ అయింది. హడ్సన్ అనే బిల్డ్ టూల్‌ది ఇంకో కథ. అది పుట్టిన సన్ కంపెనీని కొన్నాక ఆ పేరు మాది అంది ఒరాకిల్, పనిచేసేవాళ్లేమో 2011 మొదట్లో ఓటు వేసుకుని పేరు మార్చేసుకున్నారు, అదే ఇప్పుడు మనం వాడే జెంకిన్స్. హడ్సన్ పేరుని ఒరాకిల్ తర్వాత ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది, ఆ పేరుతో ఇప్పుడు ఎవరికీ పని లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మొదలుపెట్టిన మాంటీ విడేనియస్‌కి కూడా 2009లో ఫోర్క్ చేసినప్పుడు పాత పేరు దక్కలేదు, మైఎస్‌క్యూఎల్‌లో మై అనేది పెద్ద కూతురి పేరు కదా, ఈసారి చిన్న కూతురి పేరు తీసుకుని మరియాడీబీ అన్నాడు. అదృష్టవంతుడు, ఇంకో కూతురుంది కాబట్టి సరిపోయింది.

ప్రశ్న: ప్రాజెక్టు రెండుగా చీలినప్పుడు ఏది నిలబడుతుందో ముందే చెప్పగలమా? ఆఫీసులో ఏదో ఒకటి ఎంచుకోవాలి, తప్పయితే మాట పడేది నేనే.

జవాబు: పక్కాగా చెప్పలేం కానీ నేనైతే కోడ్ చూడను, మనుషుల్ని చూస్తా. చీలిన రోజున రెండు వైపులా ఒకే కోడ్ ఉంటుంది కదా, దాన్ని పోల్చి ఏం లాభం. కిందటి ఏడాది ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) రివ్యూ చేసినవాళ్లు, రిలీజులు తీసినవాళ్లు, సెక్యూరిటీ బగ్ వస్తే అర్ధరాత్రి లేచి కూర్చున్నవాళ్లు ఎటు వెళ్లారో చూడండి. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఓపెన్‌ఆఫీస్ దగ్గర జరిగింది అదే. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది, ఆ సెప్టెంబర్‌లోనే పాత జట్టులో చాలామంది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని పెట్టుకుని లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు, లైనక్స్ డిస్ట్రోలు దాదాపు అన్నీ వాళ్ల వెంటే వెళ్లాయి. మరుసటేడు ఒరాకిల్ పాతదాన్ని అపాచీ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది. పేరు అక్కడ, పనిచేసేవాళ్లు ఇక్కడ. అపాచీ ఓపెన్‌ఆఫీస్ 4.1 వచ్చింది 2014లో, ఆ తర్వాత వస్తున్నవన్నీ ఆ 4.1కే చిన్న చిన్న రిపేర్లు.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. అపాచీ లైసెన్సులో ఉన్న కోడ్‌ని లిబ్రేఆఫీస్ వాళ్లు తెచ్చుకోవచ్చు, లిబ్రేఆఫీస్ కోడ్‌ని అపాచీ వాళ్లు తీసుకోలేరు, ఎందుకంటే లిబ్రేఆఫీస్ లైసెన్సులకి మార్పుల్ని తమ షరతుల కిందే ఉంచాలనే పట్టుంది, అపాచీ పద్ధతికి అది కుదరదు. అంటే అటు ఎవరు కష్టపడి ఏది బాగుచేసినా ఇటు వాడుకోవచ్చు, ఇటు చేసింది అటు పోదు. కాబట్టి మీరు ఎంచుకునేటప్పుడు రెండిటి లైసెన్సులూ పక్కపక్కన పెట్టి నీళ్లు ఎటు పారతాయో చూడండి, పల్లంలో ఉన్నవాడికే లాభం.

అలాగని బయటికి పోయినవాడే ఎప్పుడూ గెలుస్తాడనుకోకండి. 2011లో వీడియో, ఆడియో ఫైళ్లని మార్చే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ నుంచి కొందరు డెవలపర్లు విడిపోయి లిబావ్ పెట్టారు, డెబియన్ కూడా అటే మారింది. కానీ ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ వాళ్లు తిట్టుకుంటూ కూర్చోకుండా లిబావ్‌లో వచ్చిన ప్రతి మార్పునీ తెచ్చి తమ దాంట్లో కలుపుకుంటూ పోయారు, చూసేవాడికి ఇక్కడ రెండిటి ఫీచర్లూ ఉన్నాయి అక్కడ ఒకదానివే ఉన్నాయి, ఇంకేముంది, 2015లో డెబియన్ వెనక్కి వచ్చేసింది. లిబావ్ తర్వాత మెల్లగా ఆగిపోయింది. మొండితనం కన్నా ఓపిక పనిచేసిన చోటు ఇదొక్కటే నాకు గుర్తొస్తుంది.

ఇంకో రకం ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైంది, విడిపోయి మళ్లీ కలిసినవి. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్‌లో మార్పులు తీసుకోవడం మరీ నత్తనడకన సాగుతోందని 1997లో కొందరు ఈజీసీఎస్ అని వేరుగా పెట్టారు, రెండేళ్లు తిరక్కుండా అదే బాగుందని అసలు ప్రాజెక్టు తాళాలు వాళ్ల చేతికే ఇచ్చారు, 1999లో వచ్చిన జీసీసీ 2.95 ఆ ఫోర్కే. జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే నోడ్ జేఎస్ కూడా అంతే. జాయెంట్ అనే ఒక్క కంపెనీ చేతిలోనే పెత్తనం ఉంది, రిలీజులు రావట్లేదు అని 2014 చివర్లో ఐఓ జేఎస్ పుట్టింది, ఏడాది తిరిగేలోపు ఫౌండేషన్ ఒకటి పెట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టారు. నోడ్ వెర్షన్ 0.12 నుంచి ఒకేసారి 4.0కి ఎందుకు దూకిందా అని ఎప్పుడైనా అనిపించిందా? మధ్యలో 1, 2, 3 ఐఓ జేఎస్ వాడేసుకుంది.

కాబట్టి మీ ఆఫీసు సంగతికొస్తే, తొందరపడి రెండో రోజే మారకండి, ఆరు నెలలు ఆగి ఎవరి దగ్గర సెక్యూరిటీ ఫిక్సులు టైముకి వస్తున్నాయో చూసి మారండి.

ప్రశ్న: కంపెనీలు ఉన్నట్టుండి లైసెన్స్ మార్చేస్తున్నాయి. అలా ఎలా కుదురుతుంది? అప్పటిదాకా వాడుతున్న మా గతేంటి?

జవాబు: మీ దగ్గరున్న పాత వెర్షన్ పాత లైసెన్సులోనే ఉంటుంది, దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. మారేది రాబోయే వెర్షన్లకే, అందుకే ఫోర్కులన్నీ మారకముందు వచ్చిన చివరి వెర్షన్ దగ్గర మొదలవుతాయి. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చి 20న ఓపెన్ సోర్స్ కాని లైసెన్సుకి మారింది, సరిగ్గా ఎనిమిది రోజులకి లైనక్స్ ఫౌండేషన్ కింద వాల్‌కీ వచ్చింది, రెడిస్ 7.2.4 మీంచి. హాషీకార్ప్ కంపెనీ 2023 ఆగస్టులో సర్వర్లు సిద్ధం చేసే తన టెర్రాఫామ్ టూల్ లైసెన్స్ మారిస్తే ఓపెన్‌టోఫు వచ్చింది. 2021లో వెతుకులాటకి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ మారితే అమెజాన్ వాళ్లు ఓపెన్‌సెర్చ్ పెట్టారు. తమాషా ఏంటంటే ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కూడా కలిపి మళ్లీ ఓపెన్ సోర్స్ గుమ్మం తొక్కాయి, కానీ వెళ్లిపోయినవాళ్లు అప్పటికే వేరే ఇల్లు సర్దుకున్నారు.

ఎలా కుదురుతుందంటారా, బయటివాళ్లు కోడ్ ఇచ్చేటప్పుడు చాలా కంపెనీలు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాయి, మీ కోడ్‌ని మాకు నచ్చిన లైసెన్సులో ఇచ్చుకుంటాం అని. రెడిస్ లాంటి చోట పాత బీఎస్‌డీ లైసెన్సే ఎంత సడలింపు ఉన్నదంటే కొత్త వెర్షన్లని వేరే షరతులతో ఇచ్చినా అడ్డేమీ లేదు. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఈ పప్పులు ఉడకవు, అక్కడ కాపీరైట్ వేల మంది దగ్గర చెల్లాచెదురుగా ఉంది, లైసెన్స్ మార్చాలంటే అందర్నీ ఒప్పించాలి. కొత్త టూల్ తీసుకునేటప్పుడు ఆ ఒప్పందం ఉందా లేదా అని చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు, ఎవరూ చూడరు.

ప్రశ్న: మా టీమ్ మూడేళ్ల కిందట ఒక లైబ్రరీని ఫోర్క్ చేసి మా అవసరాలకి మార్చుకుంది. ఇప్పుడు అసలు దాంట్లో కొత్త వెర్షన్లు చాలా వచ్చాయి, కలపబోతే వందల కాన్‌ఫ్లిక్టులు (ఒకే చోట రెండు వైపులా చేసిన మార్పులు ఢీకొనడం). మార్చినవాళ్లలో ఇద్దరు ఉద్యోగం మానేశారు. ఏం చేయాలి?

జవాబు: మీ బాధ నాకు బాగా తెలుసు, నేనూ ఒకప్పుడు నాలుగు లైన్ల మార్పు కోసం ఒకదాన్ని కాపీ చేసుకుని, ఆ నాలుగు లైన్లు ఎందుకు మార్చానో మర్చిపోయి రెండు వారాలు తల పట్టుకున్నవాణ్ణే.

ముందు మూడేళ్లదీ ఒకేసారి కలపాలనే ఆలోచన మానేయండి. మీరు ఫోర్క్ చేసిన చోటు నుంచి ఈ రోజు దాకా మీవాళ్లు ఏమేం మార్చారో డిఫ్ తీయండి. అంటే ఇప్పటి అసలు వెర్షన్‌తో కాదు, మీ ఫోర్క్ ఏ వెర్షన్ దగ్గర మొదలైందో దాంతో పోల్చి తేడాలు చూడండి. అది ప్రింట్ తీసుకుని కూర్చున్నా తప్పులేదు. అందులో సగం మార్పులు ఇప్పుడు అక్కర్లేనివే ఉంటాయి, ఏదో బగ్‌కి తాత్కాలికంగా వేసిన మాటు, ఆ బగ్‌ని అసలువాళ్లు ఎప్పుడో తీసేసి ఉంటారు. వాటిని వదిలేయండి. మిగిలిన వాటిలో అందరికీ పనికొచ్చేవి ఉంటే అప్‌స్ట్రీమ్‌కి, అంటే అసలు ప్రాజెక్టుకి పంపండి, వాళ్లు తీసుకున్న ప్రతి ప్యాచ్ మీ నెత్తి మీంచి దిగిన బరువే. ఇంక చివరికి మిగిలేవి నిజంగా మీకు మాత్రమే కావలసినవి. వాటిని కోడ్ మధ్యలో అక్కడక్కడా గుచ్చకుండా ప్లగిన్‌గానో వేరే ఫైల్‌గానో పెట్టి, అసలు కోడ్‌లో పిలిచే లైను ఒక్కటే ఉండేలా చేయండి.

తర్వాత అసలు దాని తాజా వెర్షన్ శుభ్రంగా తెచ్చుకుని దాని మీద ఈ మిగిలిన ప్యాచ్‌లు ఒక్కొక్కటిగా వేయండి, ఒక్కో కమిట్‌లో ఒక్కటే మార్పు, కింద ఇది ఎందుకు అని రెండు లైన్లు. మీ టీమ్‌లో మళ్లీ ఎవరైనా మానేసినా ఆ రెండు లైన్లే కాపాడతాయి. ఇకమీదట అసలువాళ్లు రిలీజ్ ఇచ్చిన ప్రతిసారీ, అవసరం ఉన్నా లేకపోయినా, రీబేస్ చేయండి, అంటే మీ ప్యాచ్‌లని ఆ కొత్త వెర్షన్ మీదికి మళ్లీ ఎక్కించండి. నెలకోసారి చేస్తే గంట పని, మూడేళ్లకోసారి చేస్తే మీరిప్పుడు చూస్తున్నది. గిట్‌లో రెరెరె (rerere) అని వింత పేరుతో ఒక సెట్టింగ్ ఉంది, ఒకసారి మీరు తీర్చిన కాన్‌ఫ్లిక్ట్‌ని గుర్తుపెట్టుకుని అదే మళ్లీ వస్తే తనే తీరుస్తుంది, అది ఆన్ చేసుకోండి.

ఇది మీ ఒక్కరి తిప్పలే కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ల కంపెనీలు లైనక్స్ కెర్నెల్‌ని ఎవరికి వాళ్లు కాపీ చేసుకుని మార్చుకోవడంతో అప్‌డేట్లు ఇవ్వడం నరకమైపోయింది. చివరికి గూగుల్ అందరికీ ఒకే కెర్నెల్, మీ మార్పులు విడి మాడ్యూళ్లలో పెట్టుకోండి అని రూల్ తెచ్చింది, ఆండ్రాయిడ్ 12తో వచ్చే 5.10 కెర్నెల్ ఫోన్ల నుంచి అది తప్పనిసరి. మీకు చెప్పిన ప్లగిన్ సలహా కూడా అదే, కొంచెం చిన్న సైజులో.

ఒక్కటి మాత్రం ఇవాళే చేయండి. ఈ మూడేళ్లలో ఆ లైబ్రరీలో వచ్చిన సెక్యూరిటీ ఫిక్సులు ఏంటో చూసి వాటిని మాత్రం ఏరి ముందు మీ కోడ్‌లోకి తెచ్చుకోండి (చెర్రీపిక్), మిగతా పని నెల పట్టినా పర్లేదు. మీ ఫోర్క్‌కి వేరే పేరుంటే సెక్యూరిటీ లోపాలు వెతికే స్కానర్లు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు, అంతా పచ్చగా కనపడుతోంది కదా అని నమ్మకండి.

ప్రశ్న: నేను పంపిన పుల్ రిక్వెస్ట్ ఎనిమిది నెలలుగా అలాగే పడి ఉంది. మెయింటైనర్ ఉలకడు పలకడు. విసిగిపోయి ఫోర్క్ చేసి నేనే నడుపుదామనుకుంటున్నా. చేయమంటారా?

జవాబు: ముందు ఆయనకి మర్యాదగా ఒక మెయిల్ పెట్టి, మీకు టైమ్ లేకపోతే మెయింటైన్ చేయడంలో నేను సాయం చేస్తానండీ అని అడగండి. చాలాసార్లు అవతలి మనిషి ఒక్కడే, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు చూస్తుంటాడు, తాళం చెవి తీసుకుంటానంటే సంతోషంగా ఇచ్చేస్తాడు. నెల దాకా చూసి అప్పటికీ పలక్కపోతే, ఆ ప్రాజెక్టులో తెరిచి ఉన్న ఇష్యూలు ఎన్నో లెక్కపెట్టండి. అవన్నీ రేపట్నుంచి మీవే అని తెలిసీ చేయాలనిపిస్తే చేసేయండి, పేరు మాత్రం మార్చండి.