మెయింటెయినర్‌గా నీ చేతిలో ఉన్నది ఎంత?

తమ్ముడూ,

నీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి జీతం లేకుండా కోడ్ రాసిచ్చే ఆ ఇద్దరూ బగ్‌లు సరిచేయమంటే వినకుండా ఎవరికి నచ్చిన ఫీచర్ వాళ్లు రాసుకొస్తున్నారని, ప్రాజెక్టు బాధ్యత చూసే మెయింటెయినర్‌వై ఉండి కూడా ఆపలేకపోతున్నావని తెగ టెన్షన్ పడుతున్నావు. అసలు ఎందుకాపాలి? జీతమివ్వని మనిషికి పని పురమాయించలేం, అడగగలం, అంతే. ఏ ప్యాచ్ (వాళ్లు పంపే కోడ్ మార్పు) మెర్జ్ చేయాలి, అంటే అసలు కోడ్‌లో కలపాలి, రిలీజ్ ఎప్పుడు ఇవ్వాలి, ఈ రెండే నీ చేతిలో ఉన్నవి.

అందుకే వద్దనేదేదో మొదట్లోనే అనేయ్. చాలామంది మొహమాటానికి పోయి "చూద్దాం" అంటూ నెలల తరబడి నానుస్తారు, అవతలివాడు ఈలోపు మారిన అసలు కోడ్‌కి తగ్గట్టు తన ప్యాచ్‌ని నాలుగుసార్లు రీబేస్ చేసుకుంటాడు, చివరికి వద్దంటే వాడికి మండదా మరి? "ఇది ఇక్కడికి రాదు, ప్లగిన్‌గా విడిగా పెట్టుకో" అని కారణంతో సహా మొదటి వారంలోనే రాసెయ్.

ఫోర్క్ చేస్తామని, అంటే కోడ్ కాపీ తీసుకుని వేరు కుంపటి పెడతామని బెదిరిస్తున్నారన్నావు. చేసుకోనీ. ఓపెన్ సోర్స్ లైసెన్స్ పెట్టిన రోజే ఆ హక్కు నువ్వే ఇచ్చావు. రాసిన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్‌లోకి తమ మార్పులు వెళ్లడం లేదని విసిగిపోయిన కొందరు 1997లో ఈజీసీఎస్ అని విడిగా మొదలుపెడితే, 1999లో అదే అధికారిక జీసీసీ అయి కూర్చుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ నుంచి 2014 చివర్లో విడిపోయిన ఐఓ.జేఎస్ మరుసటి ఏడాదే మళ్లీ కలిసిపోయింది. ఓపెన్ ఆఫీస్ పేరు అప్పట్లో ఒరాకిల్ దగ్గరే ఉండిపోయింది గానీ, పనిచేసేవాళ్లలో చాలామంది 2010లో లిబ్రే ఆఫీస్‌కి వెళ్లిపోయారు.

అలిగి కోడ్ తీసేస్తానని మాత్రం అనకు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న కోడ్ రాసినాయన దాన్ని జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేశాడు, ఉన్నదే 11 లైన్లు, దానికే ఎక్కడెక్కడి బిల్డ్‌లూ ఆగిపోయాయి, ఎన్‌పీఎం వాళ్లు దాన్ని తిరిగి పెట్టేశారు కూడా.

అలాగని పోరు పడలేక రిలీజ్ హక్కులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకు. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్‌లో 2024లో బయటపడిన బ్యాక్‌డోర్ (దొంగదారి) అలాగే వచ్చింది. అలసిపోయిన మెయింటెయినర్‌ని కొత్త పేర్లతో కొందరు సతాయించారు, రెండేళ్లకు పైగా ఓపిగ్గా ప్యాచ్‌లు పంపి నమ్మకం సంపాదించినవాడే దాన్ని లోపల పెట్టాడు. హక్కులు ఇవ్వాల్సిందే, కానీ కొంచెం కొంచెంగా. ఆ ఇద్దరిలో డాక్యుమెంటేషన్ బాగా రాసేవాడున్నాడన్నావుగా, ముందు ఆ ఫోల్డర్ వరకు మెర్జ్ హక్కు వాడికిచ్చి చూడు. రిలీజ్ అసలైనదేనని సంతకం చేసే కీ ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉండనీ.