బుజ్జీ, ముందు ఫోను కదపడం మానెయ్

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన గోదావరి గట్టు వీడియో చూశాను. సూర్యాస్తమయం, గిరగిరా తిప్పిన ఫోను, వెనక సినిమా పాట. బాగానే ఉంది. కానీ అలాంటివి నాకు రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు.

నేను పెళ్లి వీడియోలు తీసే రోజుల్లో ఒకటి గమనించాను. పెళ్లయిన చాన్నాళ్లకు ఆ ఇంటివాళ్లు క్యాసెట్ వెనక్కి తిప్పించుకుని చూసేది తలంబ్రాలు కాదు. పందిట్లో ఓ మూల తాతగారు కండువాతో విసురుకుంటూ ఎవరితోనో వాదిస్తున్న ముక్క. అది తీయమని ఎవరూ అడగలేదు మరి!

1895లో, సినిమా పుట్టిన తొలి రోజుల్లో, ఫ్రాన్స్‌కి చెందిన లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి చూపించిన సినిమాలు ఒక్కోటి 50 సెకన్లకు అటూ ఇటూగా ఉంటాయి. కెమెరా ఉన్నచోటే ఉంటుంది. ఒకదాంట్లో పాపాయికి అమ్మానాన్నలు తినిపిస్తుంటారు, వెనక చెట్ల ఆకులు గాలికి ఊగుతుంటాయి. అంతే కథ. యూట్యూబ్‌లో ఉంది, చూడు.

నువ్వూ అలాంటిదే ఒకటి తియ్యి. అమ్మమ్మ ఒత్తులు చేసుకునే వేళ కిటికీ వెలుగు ఆవిడ మీద పక్క నుంచి పడేలా కూర్చో. ట్యూబులైటు ఆర్పెయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది కాబట్టి, ఆ వెలుతురులో సెకనుకు 30 ఫ్రేములతో (బొమ్మలతో) తీస్తే ఒక్కోసారి తెరమీద చారలు పాకుతాయి. రాత్రి తీయక తప్పకపోతే 25 ఫ్రేములు పెట్టి, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే సమయం) 1/50 సెకనుకి మార్చు. లెన్సు పైటచెంగుతో తుడిచి, ఫోను పప్పు డబ్బాకు ఆనించి, తెరమీద ఆవిడ వేళ్లున్న చోట నొక్కి పట్టుకో. ఫోకస్, వెలుతురు అక్కడే లాక్ అవుతాయి. జూమ్ వద్దు, దగ్గరికి జరుగు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచు, లేకపోతే సరిగ్గా అప్పుడే మీ అమ్మ ఫోన్ చేస్తుంది.

ఆవిడ "ఆగవే, చీర మార్చుకొస్తా" అంటుంది. మార్చుకోనీ. ఆ రోజు తీసింది పనికిరాదు, ఏం ఫర్వాలేదు. రోజూ అదే డబ్బా, అదే చోటు. కొన్నాళ్లకు ఫోను సంగతి మరిచిపోయి, విభూది అద్దుకున్న వేళ్లతో దూది నలుపుతూ పక్కింటావిడ మీద చాడీలు మొదలెడుతుంది. నీకు కావలసింది అదీ.

దానికి పాట పెట్టావంటే మాత్రం ఊరుకోను. కుక్కర్ కూతా, వీధిలో కూరలమ్మి కేకా అలాగే ఉండనీ. స్లో మోషన్ కూడా వద్దు. ఆవిడ వేళ్ల వేగమే అందులో చూడాల్సింది.

వీధిలో ఇస్త్రీ బండి అతన్నో, టైలర్నో తీయాలనిపిస్తే ముందు అడుగు. తీశాక అతనికే మొదట చూపించు. వద్దంటే అక్కడే డిలీట్ చెయ్యి.

అన్నట్టు, నాకు వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపకు, నలిగిపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు.

మీ మామయ్య