బార్లు చేద్దువుగాని, ముందు ఆ చపాతీ కర్ర పక్కన పెట్టు

అమ్ములూ,

నువ్వు ఇంట్లో ఎనర్జీ బార్లు చేసి అమ్ముదామనుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మా తమ్ముడి కూతురు వ్యాపారం పెడుతోందని వీధిలో అందరికీ చెప్పేశాను కూడా. తర్వాత నువ్వు పంపిన లేబుల్ ఫోటో, ఆ వీడియో చూశాను. వీగన్, గ్లూటెన్ ఫ్రీ అని అంతంత అక్షరాలు. అప్పట్నుంచీ నాకు టెన్షన్.

వీగన్ అంటే పాలు, నెయ్యి, తేనె లాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ లేనిదని, ఆ సంగతి తేలిక. మన పప్పుండలైనా, నువ్వు జీడైనా బెల్లంతోనే కదా. పళ్ళేనికి నెయ్యి బదులు కొబ్బరినూనె రాయి, తేనె వెయ్యకు, అయిపోయింది. అయితే ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఆత్రేయపురం పూతరేకు చూడు, రేకంతా బియ్యమే, గోధుమ ఊసే లేదు, కానీ నెయ్యి లేకుండా ఎవరు తింటారు? తాపేశ్వరం కాజా అయితే అసలు మైదాయే.

గ్లూటెన్ అంటే పిండికి జిగురునిచ్చే ప్రోటీను. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం, ఈ మూడింట్లో అది ఉంటుంది. రవ్వ, సేమియా గోధుమవేనని నీకు తెలుసు. ఓట్స్‌లో సొంతంగా ఉండదు గానీ పొలంలోనో మిల్లులోనో గోధుమ కలుస్తుంది, అందుకని గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ప్యాకెట్టే కొను. నన్నడిగితే ఓట్స్ ఎందుకు, అటుకులున్నాయిగా. కారం బార్లు కూడా చేస్తావట. ఇంగువ డబ్బా వెనక చదివి మరీ వెయ్యి, చాలావాటిలో గోధుమపిండో మైదాయో కలుపుతారు.

ఇదంతా ఎందుకింత చెబుతున్నానంటే, మా ఎదురింట్లో ఒక పిల్లాడుండేవాడు, నువ్వు అప్పటికి పుట్టలేదు. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. కాకినాడలో డాక్టరు చూసి అది గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, గోధుమ ముట్టనివ్వొద్దన్నారు. వాళ్ళమ్మ ఇంట్లోకి గోధుమపిండి రానివ్వడమే మానేసింది, పిల్లాడు తేరుకుని వీధిలో ఆడుకోవడం మొదలుపెట్టాడు. ఇంతలో సంక్రాంతి వచ్చింది. పండగపూట వాడొక్కడూ నోరు కట్టుకుని కూర్చున్నాడని మా అమ్మకి, అదే మీ నానమ్మకి, ప్రాణం ఉసూరుమంది. అరిసెలు చేసి పంపింది. అరిసెల్లో ఏముంది, తడి బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు. గోధుమ ఎక్కడుందే అంది. నిజమే, అరిసెల్లో లేదు. కానీ ఆ పొద్దున్నే మైదా కలిపి గవ్వలు వేయించింది, కజ్జికాయలు వేయించింది, ఆ మూకుట్లోనే, ఆ నూనెలోనే, రాలిన పిండి నల్లగా మాడి అడుగున తిరుగుతుంటే అరిసెలు వేసింది. బియ్యం ఆడించిన మరలో అంతకుముందు ఆడినవి గోధుమలు. అవి ఎవరివో కూడా కాదు, మావే.

రాత్రికల్లా పిల్లాడికి వాంతులు, విరేచనాలు. మళ్ళీ కాకినాడ పరుగు. పండక్కి బయటిదేం తిన్నాడని డాక్టరు అడిగితే అరిసెలు తప్ప ఇంకేమీ లేదందట వాళ్ళమ్మ. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. మీ నానమ్మ మాత్రం చిటికెడు పిండికి ఏమవుతుందని కొన్నాళ్ళు అందరితో వాదించింది. తర్వాత తనంతట తనే పేట వెళ్ళి కొత్త మూకుడు కొనుక్కొచ్చి, గుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టింది. ఆ పిల్లాడికి ఏదైనా చెయ్యాలంటే తప్ప దాన్ని దింపేది కాదు, మా పెళ్ళిళ్ళక్కూడా దింపలేదు. వాడిప్పుడు బాగానే ఉన్నాడులే, కంగారు పడకు.

ఇప్పుడు నీ వీడియో సంగతి. బార్లు వత్తుతున్నది చపాతీ కర్రతోనేనా? మీ ఇంట్లో రోజూ రాత్రి చపాతీలేగా! ఎంత కడిగినా చెక్క పగుళ్ళలో పిండి ఉంటుంది, బుద్ధుందా అసలు? అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నెతో నొక్కు. మిక్సీ జారు, మూకుడు, జల్లెడ బార్లకి వేరే పెట్టుకో. జొన్నలు బయట మరకి పంపకు. చపాతీపిండి జల్లించిన పూట అసలు పని పెట్టుకోకు, పిండి గాల్లో లేచి అన్నిటి మీదా పడుతుంది. మన రూలు ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అది కంటికి కనపడేది కాదు. ల్యాబులో పరీక్ష చేయించు. అందాకా ఆ మాట తీసేసి, ఏమేం వేశావో మాత్రం రాయి. తిట్టానని అలగకు తల్లీ, నీ చేతి రుచి మీ నానమ్మదే, అందుకే భయం.

మిగతావి నీకు తెలిసినవే. రెండు గ్లాసుల గింజలకీ అటుకులకీ కలిపి ముప్పావు గ్లాసు బెల్లం. పాకం నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, ఠంగుమంటే అది పప్పుచెక్క అవుతుంది, బారు కాదు. బూజు వాసనొచ్చే వేరుశనగ గుళ్ళు పారెయ్యి, వేయించినా ఆ బూజు విషం పూర్తిగా పోదు. పచ్చికొబ్బరి వేస్తే నిలవుండదు, ఎండుకొబ్బరే వాడు. అంబాజీపేట వైపు నుంచి తెచ్చిన కురిడీలు మన అటక మీద ఉన్నాయి, కొట్టించి బస్సు పార్సిల్లో వేస్తాను. డ్రైవరు ఫోన్ చేస్తే తెలియని నంబరని కట్ చెయ్యకు.

మీ అత్త