లావాటాయన దారివ్వని రైలు

ప్రశ్న: నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా. కథ దాదాపు అంతా రైల్లోనే. ఒక పోలీసాయన ఒకావిడను దాచి తీసుకుపోతుంటాడు. నడవాలో ఒక లావాటాయన మాటిమాటికీ అడ్డం వస్తుంటాడు. పేరేంది? ఎట్లా వెతకాలి?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ఆ లావాటాయన ఒక్కడు చాలమ్మా, సినిమాను పట్టుకోవడానికి. అది ‘ది నారో మార్జిన్’. 1952లో విడుదలైంది. దర్శకుడు రిచర్డ్ ఫ్లైషర్, నిడివి 71 నిమిషాలు. చనిపోయిన ముఠా నాయకుడి భార్యను సాక్ష్యం కోసం షికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కు తీసుకుపోయే డిటెక్టివ్‌గా వేసింది చార్లెస్ మెక్‌గ్రా. రైల్లో ఆయన దాచిపెట్టే ఆవిడగా వేసింది మేరీ విండ్సర్.

పేరొక్కటే కొట్టి వెతికితే 1990లో వచ్చిన రంగుల సినిమా ముందుకొస్తుంది. నటుడు జీన్ హాక్‌మన్ కనిపిస్తే అది రీమేక్ అని వదిలేయండి. పేరు పక్కన 1952, ఫ్లైషర్ అని కూడా కొట్టండి. ఇంట్లో కొత్తగా చూసేవాళ్లుంటే ముందే కథ చదవనీయొద్దు, అసలు మలుపు అందులోనే బయటపడిపోతుంది.

టీవీ సంగతి కూడా చెప్పాలి. ఆనాటి బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37 మాత్రమే. ఇప్పటి టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు పడతాయి, పడనీయండి. జూమ్ పెడితే పైనా కిందా కలిపి దాదాపు నాలుగోవంతు బొమ్మ తెగిపోతుంది. సాగదీస్తే నడవా వెడల్పవుతుంది. ఈ సినిమాలో భయమంతా ఆ నడవా ఇరుకులోనే ఉంది.

ప్రశ్న: ఈ సినిమాలో నేపథ్య సంగీతమే లేదంటారు, నిజమేనా? రైలు ఊగడం ఎట్లా తీశారు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమే. సంగీతం పని చక్రాల చప్పుడు, ఇంజను కూత చేస్తాయి. ఒకచోట మేరీ విండ్సర్ ఆకురాయితో గోళ్లు అరగదీసుకుంటుంటుంది. ఆ చెయ్యి ఊపు మీదనే బొమ్మ మారి, అదే ఊపుతో ఇంజను చక్రాల కడ్డీలు ఆడతాయి. సౌండు తగ్గించి చూస్తే ఈ అతుకు అందం తెలియదు. ఇక ఊగడమంటారా, పెట్టె సెట్టు నేలకు బిగించేసి ఉంది. ఊగింది కెమెరా. దాన్ని చేత్తో పట్టుకుని తీయడం వల్లే అంత ఇరుకులో మనుషుల వెంట తిరగగలిగింది.

ప్రశ్న: సబ్‌టైటిళ్లు మొదట బాగానే ఉండి పోనుపోను వెనకబడుతున్నాయి.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ఫైలు నిడివి చూడండి. 71కి బదులు 68 నిమిషాలుంటే అది సెకనుకు 25 ఫ్రేములతో (బొమ్మలతో) నడిచేది, సబ్‌టైటిళ్లేమో దాదాపు 24 (కచ్చితంగా 23.976) లెక్కన తయారైనవి. పది నిమిషాలకు దాదాపు 25 సెకన్ల చొప్పున తేడా పెరుగుతుంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జి, హెచ్ మీటలు సబ్‌టైటిళ్లన్నిటినీ ఒకేలా ముందుకో వెనక్కో జరుపుతాయి కాబట్టి కాసేపటికి మళ్లీ తప్పుతాయి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ప్రోగ్రాములో సబ్‌టైటిళ్ల ఫ్రేమ్‌రేటును 23.976 నుంచి 25కి మార్చి సేవ్ చేయండి. ఆ తర్వాత కూడా మొదటి మాట నుంచి చివరిదాకా ఒకే తేడా మిగిలితే, అప్పుడు జి, హెచ్ సరిపోతాయి.