కలలో కూడా నిద్ర ఆపుకుంటున్నాను

ప్రశ్న: నా వయసు 41. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నెల రోజులుగా ఒకటే కల వస్తోంది. పరీక్ష హాల్లో డ్యూటీలో ఉంటాను. నిద్ర ముంచుకొస్తుంది. రెప్పలు లేవవు, కాళ్లు కదలవు. పిల్లలు పేపర్లు పట్టుకుని పిలుస్తుంటారు. ‘ఒక్క నిమిషం, ఒక్క నిమిషం’ అంటూ ఏడుస్తుంటే మెలకువ వచ్చేస్తుంది. ఇది అపశకునమని, శాంతి చేయించమని మా ఆడపడుచు అంటోంది. ఏడాది క్రితం అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. రాత్రిళ్లు అవసరమైతే స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద కొడతారు, నేను లేస్తాను. మా వారిది మొద్దునిద్ర, లేపబుద్ధి కాదు. పడుకునేసరికి పదకొండున్నర, లేచేది నాలుగున్నరకు. ఈ కలకు అర్థమేమిటి?

జవాబు: శాంతి సంగతి తర్వాత చూద్దాం. మీరు మంచం మీద ఉండేదే ఐదు గంటలు. అందులో గ్లాసు చప్పుడుకు లేచేది తీసేస్తే ఎంత మిగులుతుందో మీకే తెలుసు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఏడాదిగా మీరు అప్పు మీద బతుకుతున్నారు.

కలలు ఎక్కువగా వచ్చేది కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదిలే దశలో. ఈ దశ సంగతి 1953లో షికాగోలో బయటపడింది. అప్పుడు మెదడు దాదాపు మేలుకున్నంత చురుగ్గా ఉంటుంది, ఒంటి కండరాలు మాత్రం పట్టు వదిలేస్తాయి. లేకపోతే కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీంచి కింద పడేవాళ్లం! కాళ్లు కదలనట్టు అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. తెల్లవారుజామున ఈ దశ ఎక్కువసేపు నడుస్తుంది. సరిగ్గా అప్పుడే మీ అలారం మోగుతోంది.

కలకూ భవిష్యత్తుకూ ముడి పెట్టడం నాకు చేతకాదు. కానీ మీ కలలో ఒక విషయం దగ్గర ఆగిపోయాను. నిద్ర వస్తే మీరు పడుకోవడం లేదు, ఏడుస్తున్నారు. తప్పు చేసి దొరికిపోయినట్టు పిల్లల్ని బతిమాలుతున్నారు. లక్ష్మణుడి నిద్ర కూడా తనే తీసుకుని ఊర్మిళ పద్నాలుగేళ్లు పడుకుందని మన ఆడవాళ్లు చెప్పుకుంటారు. మీ ఇంట్లో కథ తిరగబడింది. ఆయన నిద్ర ఆయన పోతున్నారు, ఆయన మెలకువ కూడా మీరే ఉంటున్నారు.

మొద్దునిద్ర మినహాయింపు కాదండీ. మీవారితో మాట్లాడండి. అర్ధరాత్రి చిరాకులో వద్దు, ఆదివారం భోజనాలయ్యాక కూర్చోబెట్టి చెప్పండి. ‘నాకు కాస్త సాయం చేయండి’ అనకండి. ఆవిడ ఆయన తల్లి, ఇందులో సాయమేముంది? ‘శుక్ర, శనివారాలు రాత్రి అమ్మ గదిలో మీరు పడుకోండి, నేను తలుపేసుకుని వేరే గదిలో పడుకుంటాను’ అని రోజులతో సహా చెప్పండి. శాంతి చేయించమన్న ఆడపడుచును కూడా నెలకు ఓ నాలుగు రోజులు వచ్చి ఉండమనండి. శాంతి ఖర్చు కూడా మిగులుతుంది.

ఒకసారి డాక్టర్‌కి చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గినా, థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా ఒళ్లు ఇలాగే బరువెక్కుతుంది. గురక ఉంటే అదీ చెప్పండి. పగలు స్కూటీ మీద ఒక్కసారి కునుకు పట్టినా ఇక బండి తీయకండి, ఆటోలో వెళ్లండి. దిగులుగా ఉండి దేనిమీదా మనసు పోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆయన ఒప్పుకున్నాక మొదటి శుక్రవారం రాత్రి గ్లాసు చప్పుడు వినగానే మీ కాళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. దిగనివ్వకండి. ఇంకోసారి కొట్టనివ్వండి, మూడోసారీ కొట్టనివ్వండి. ఎన్నోసారికి ఆయన లేచారో నాకు రాయండి.